బిగిసినప్పుడు దించొద్దు

చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే ఒక్కసారి వెనక్కి తిప్పుండ్రి. చీమలకు కూడా కండ్లద్దాలు పెట్టాల్సినంత చిన్న అక్షరాలు ఉంటయి. గోధుమపిండి, చక్కెర, నూనె అని చదువుకుంట పోతే ఎక్కడో చివరకు లెసిథిన్ అనే మాట తగులుతది. చాక్లెట్ మీద అదే ఉంటది. మొఖానికి రాసుకునే క్రీము డబ్బా మీద ఉంటది. మతిమరుపు పోతదని డాక్టరు రాయకున్నా మనమే కొనుక్కునే గోలీల సీసా మీద కూడా ఉంటది. మీరు దాన్ని తిన్నరు, రాసుకున్నరు, మింగిన్రు, పేరు మాత్రం ఎన్నడూ అడగలేదు. నేను దానితోని ఇరవై రెండేండ్లు కాపురం చేసిన. మా ఇంటామెను అడిగితే నా మొదటి పెండ్లాం అదేనని, తను రెండోదని చెప్తది.

సంగతి తెల్వనోళ్లకు రెండు మాటల్లో చెప్త. నూనె, నీళ్లు భూమి తగాదా పడ్డ అన్నదమ్ములసొంటివి. ఒక్క సీసాలో పోసి మీ రెక్కలు పడిపోయేదాక గిలకొట్టుండ్రి, మీరు అటు మొఖం తిప్పంగనే ఎవరి వాటా వాళ్లు పంచుకొని నడుమ గట్టు పోసుకుంటయి. లెసిథిన్ ఆ ఇద్దరి మధ్య కూసునే పెద్దమనిషి. ఒక చెయ్యి నూనె భుజం మీద వేస్తది, ఇంకో చెయ్యి నీళ్ల భుజం మీద వేస్తది. ఆ చేతులు తీయనంత సేపు తగాదా లేదు. కోడిగుడ్డు పచ్చసొనలో ఉంటది, సోయాలో ఉంటది, పొద్దుతిరుగుడు నూనెలో ఉంటది. మాది పొద్దుతిరుగుడు.

మా మిల్లు గజ్వేల్‌కు రాయపోల్‌కు నడుమ ఉండేది. అక్కడ నేను కెమిస్టును. కెమిస్టు అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. ఒక గది, ఒక తూకం, ఒక ఓవెన్, పది బీకర్లు, అందులో మూడు పగిలినవి. ఆ గదికి ల్యాబ్ అని బోర్డు రాయించింది కూడా నేనే.

నూనె తీసినంక దాంట్లో వేడి నీళ్లు కలిపితే, అడుగుకు గోధుమరంగు జిగట దిగుతది. మేము దాన్ని గమ్ము అంటుంటిమి. ఏండ్ల తరబడి ఆ గమ్మును పశువుల దాణాకు అమ్మే గింజల చెక్కలో కలిపి పంపినం. ఆ చెక్క తిన్న బర్రెలు ఎంత నిగనిగలాడేవంటే, రాయపోల్‌లో కాపరులు వాటి పొట్టల్లో చూసుకొని క్రాపు దువ్వుకునేటోళ్లు. ఇది నేను కండ్లార చూసిన. కొంచెం దూరం నుంచి చూసిన, అంతే.

మిల్లు యజమానిని అందరు పటేలు అనేటోళ్లు. వ్యవసాయం నుంచి వ్యాపారంలోకి, వ్యాపారం నుంచి రాజకీయంలోకి కాలు పెట్టిన మనిషి. రెండుసార్లు ఎలక్షన్లలో నిలబడ్డడు, రెండుసార్లు ఓడిండు, ఓడిన ప్రతిసారి ఒక కొత్త మిషన్ కొన్నడు. మొదటిసారి ఓడినప్పుడు బాయిలర్ వచ్చింది. రెండోసారి ఓడినప్పుడు డ్రయ్యర్ వచ్చింది. మూడోసారి నిలబడకుండ ఇంట్లోవాళ్లే ఆపిన్రు గాని, లేకుంటే మా మిల్లు ఇయ్యాల ఉక్కు కర్మాగారం అయితుండె.

ఆ డ్రయ్యర్ గురించే ఈ కథ. ఎవరో పటేలుకు చెప్పిన్రట, మీరు బర్రెలకు పెడుతున్నది నీళ్లు తీసి ఆరబెడితే బిస్కెట్ కంపెనీలు కండ్లకద్దుకొని కొంటయని. మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ నుంచి పాత డ్రయ్యర్ దిగింది. పడుకోబెట్టిన ఏనుగంత స్టీలు పీపా. లోపల రెక్కలు తిరుగుతుంటయి. చుట్టూ ఆవిరి. పైన ఒక పంపు లోపలి గాలిని గుంజుకుంటది. గాలి లేనిచోట నీళ్లు తక్కువ వేడికే ఆవిరైపోతయి, గమ్ము మాడకుండ ఆరుతది. ముందర పళ్లెమంత అద్దం, లోపలి సంగతి చూడనీకి. నూటికి ఒక్క వంతు కంటే తక్కువ తడి మిగిలినప్పుడే అది లెసిథిన్. అంతకంటే ఎక్కువ ఉంటే వట్టి పులిసే బురద.

డ్రయ్యర్ నడపనీకి పటేలు ఒకామెను పెట్టిండు. నాకంటే నాలుగైదేండ్లు పెద్ద, అందుకే అక్కా అనేటోన్ని. సిద్దిపేటలో చేనేత కుటుంబం. మగ్గం మీదికి పోయే పడుగుకు గంజి పెట్టుట్ల ఆమె చెయ్యి తిరిగింది. పడుగంటే చీర పొడుగునా ఉండే పోగులు. గంజి సరిగ పడకుంటే ఆ పోగులు మగ్గం మీద నిలవవు. మగ్గాలు ఆగినంక పెనిమిటి మరమగ్గాల పనికి భివండి పోయిండు. ఆమె మా మిల్లుకొచ్చి మొదలు డ్రమ్ములు కడిగింది, తర్వాత నూనె పంపులు చూసింది, ఆఖరుకు డ్రయ్యర్ కాడికి వచ్చింది. బిడ్డ సిద్దిపేటలో నర్సింగ్ ఆఖరి ఏడు చదువుతుండె. ఆ చదువు మొత్తం ఈ మిల్లు జీతం మీదనే నిలబడ్డది. ఆమె మాట్లాడుడు తక్కువ. నేను మాట్లాడుడు ఎక్కువ. మిల్లు సమతూకంగ ఉండేది.

ఇక నా తప్పు సంగతి.

గమ్ము ఎండుతుంటే ఎప్పుడు ఆపాలె? ఓవెన్ ఉన్నది గాని, దాంట్లో నమూనా పెట్టి, నీళ్లన్నీ పోయేదాక ఉంచి, మళ్ల తూకం వేసి లెక్క తీసేసరికి సగం దినం గడుస్తది. అంతసేపు డ్రయ్యర్ ఆగదు. కాబట్టి నేను నా సొంత పద్ధతి పెట్టిన. అది మా అమ్మ పద్ధతి.

మా అమ్మ అరిసెల పాకం సిద్దిపేట జిల్లా అంతా ప్రసిద్ధి. జిల్లా అంతా అంటే మా వాడకట్టులో నాలుగిండ్లు. బెల్లం పాకం ఉడుకుతుంటే ఒక చుక్క తీసి నీళ్ల గిన్నెలో వేసేది. పలుసగ పారితే ఇంకా కాలేదు. ఉండ కడితే అప్పుడే, ఆ గడియలోనే దించాలె. ఒక్క నిమిషం దాటినా పాకం రాయి అయితదని, పండ్లు ఊడుతయని ఆమె నన్ను పొయ్యి కాడ కూసోబెట్టుకొని చెప్పేది. నాకు ఎమ్మెస్సీలో చెప్పిందంతా మరుపుకొచ్చింది గాని ఇదొక్కటి ఎముకల్లో దిగింది.

డ్రయ్యర్‌లో గమ్ము మొదలు పలుసగ ఉండె. రెండు మూడు గంటల్లో చిక్కబడ్డది. తర్వాత గట్టిగ బిగిసింది, రెక్కలు మూలుగుడు పెట్టినయి. ఒక చుక్క తీసి స్టీలు పళ్లెం మీద వేసిన. ఉండ కట్టింది. నాకు మా అమ్మ కనబడ్డది.

"ఆపక్కా, పాకం వచ్చింది," అన్న.

"ఇంకింత సేపు తిప్పుదమా సారు," అన్నది ఆమె.

"రాయి అయితది. ఆపు."

ఆమె ఆపింది. పన్నెండు డ్రమ్ములు నింపినం. తెల్లారి ఓవెన్ లెక్క వచ్చింది. తడి నూటికి ఎనిమిది వంతులు. ఒక్కటి ఉండాల్సిన చోట ఎనిమిది. నేను చాలాసేపు ఆలోచించి, ఓవెన్ చెడిపోయిందని తీర్మానం చేసి, దాని మీద ఒక గుడ్డ కప్పిన. చచ్చినోళ్ల మీద కప్పినట్టే కప్పిన. డ్రమ్ములు హైదరాబాద్ బిస్కెట్ కంపెనీకి పోయినయి.

వారం కాకముందే వాపసు వచ్చినయి. లారీ గేటు కాడికి రాకముందే వాసన వచ్చింది. పులిసిన పిండి, తడిసిన కుక్క, పాత చెప్పు, మూడు కలిసిన వాసన. డ్రమ్ములన్నీ కడుపుతోని ఉన్నట్టు ఉబ్బినయి. ఒక దాని పట్టీ ఒదులు చేయంగనే మూత ఎగిరింది. అది కొండపోచమ్మ సాగర్ నీళ్లలో పడ్డదంటే మీరు నమ్మరు, అందుకే మర్కూక్ దాక పోయిందని మాత్రమే చెప్తున్న. పటేలు తెల్ల అంగీ మీద గమ్ము చుక్కలు చుక్కలుగ పడ్డది. ఆయన తుడుచుకోబోయిండు. గమ్మును తుడిస్తే పోదు, ఇంకా పరుచుకుంటది. తుడిచినకొద్దీ అంగీ మొత్తం కాఫీరంగయింది.

"రాతల పెట్టియ్యి," అన్నడు పటేలు నాతోని. "గిది ఎవరి తప్పో, ఎందుకైందో, కాయితం మీద పెట్టియ్యి."

నేను నాలుగు పేజీల రిపోర్టు రాసిన. ఇంగ్లీషులో రాసిన. రెండు గ్రాఫులు గీసిన, ఒక దానికి రంగులు కూడా వేసిన. ఆ నాలుగు పేజీల సారం ఒక్కటే. ఆపరేటర్ అజాగ్రత్తగ బ్యాచి ముందుగనే ఆపింది. కింద ఆపరేటర్ సంతకం కావాల్సి ఉండె. అక్క కాడికి తీసుకపోయి, "సంతకం పెట్టక్కా, మామూలు కాయితమే," అన్న. ఆమె తెలుగు చదువుతది. ఇంగ్లీషు చదవదు. పెన్ను తీసుకొని, పేరు నిదానంగ రాసి ఇచ్చింది.

ఉద్యోగంలో మీరు కూడా ఇట్లాంటి కాయితం రాసే రోజు వస్తది. దాని మీద గ్రాఫు ఎంత అందంగ వస్తదో చూసి మీకే ఆశ్చర్యం అయితది.

బిస్కెట్ కంపెనీ మాత్రం పూర్తిగ తలుపు మూయలేదు. పొద్దుతిరుగుడు లెసిథిన్ వాళ్లకు కావాలె, దొరుకుడు కష్టం. అందుకే బేస్తవారం తమ మనిషిని పంపిస్తమన్నరు, ఆయన ముందర ఒక బ్యాచి తీయాలె, అది బాగుంటే కొంటరు. పటేలు అదే బేస్తవారం పాత ఇనుము వ్యాపారిని కూడా రమ్మన్నడు. "ఇద్దరు ఒక్కనాడే రానీ. ఒగలు గమ్ము కొంటరు, లేకుంటె ఒగలు డ్రయ్యర్ కొంటరు," అన్నడు. ఎలక్షన్లో రెండు పార్టీలతోని మాట్లాడి పెట్టుకునే అలవాటు మరి.

అక్క సంగతి ఆయన వేరుగ తేల్చిండు. షెడ్డులోకి వచ్చి అందరి ముందర అన్నడు. "కాయితం మీద నీ తప్పని ఉన్నదమ్మా. బేస్తారం దాక ఉండు. అటెన్క రానవసరం లేదు."

కొంచెంసేపటికి అక్క ల్యాబ్‌కు వచ్చింది. నేను కడిగిన బీకరునే మళ్ల కడుగుతున్న.

"సారు, గా కాయితంల ఏం రాసిన్రు?"

"ఏదో, కంపెనీకి చూపెట్టనీకి..."

"నేను సంతకం పెట్టింది గదే కాయితమా?"

"అవునక్కా."

"మామూలు కాయితమంటిరి."

నేను బీకరు లోపల వేలు పెట్టి తిప్పిన.

"బ్యాచి ఆపుమన్నది ఎవరు సారు?"

"నేనే."

"మరి గది రాయకపోతిరి."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను కూడా పెంచి బతికిపోతుంటిని. స్టూలు గుంజుకొని కూసున్నది.

"కాయితం ముచ్చట బేస్తారం అయినంక సూద్దాం. ముందుగాల నాకు ఒక్క మాట ఇయ్యుండ్రి. ఆ బ్యాచి నేను నడుపుత. నేను చెప్పెదాంక మీరు స్విచ్చు కాడికి రావొద్దు."

"అక్కా, బిగిసినంక ఇంకా తిప్పితే మాడుతది. మోటారు కాలుతది."

"మీరు ఎన్నడన్న గంజి కాసిన్రా?"

"తాగిన."

"తాగుడు ఏరు, పడుగుకు పెట్టుడు ఏరు." ఆమె నవ్వలేదు. "గంజి ముందుగాల పలుసగ ఉంటది. తర్వాత బిగుస్తది, తెడ్డు తిరగనియ్యది. కొత్తోళ్లు గప్పుడే అయిందనుకొని దించుతరు. గది పడుగుకు పెడితె పోగులు ఒకదానికొకటి అతుక్కొని కట్టెలెక్క అయితయి, మగ్గం మీద పటపట తెగుతయి. బిగిసినంక గూడ సన్నమంట మీద తిప్పుతనే ఉండాలె. అలిసేదాంక తిప్పాలె."

"నువ్వు అలిసేదాకనా?"

"నేను గాదు. గంజి అలిసేదాంక. గప్పుడు అదే జారుతది."

"గంజి వేరు, గమ్ము వేరక్కా. అది పిండి, ఇది..." అని నేను నా ఎమ్మెస్సీని దులిపి బయటికి తీసిన.

"ఏరే కావొచ్చు. తిప్పి సూత్తె తెలుస్తది."

ఆమెది తప్పని రుజువు చేయనీకి నేను మరునాడు ల్యాబ్‌లో ఒక బీకరు గమ్ము హీటర్ మీద పెట్టిన. బిగిసింది. ఇంకా తిప్పిన. బొగ్గయింది. పొగకు షెడ్డులో వాళ్లు బకెట్లు పట్టుకొని ఉరికొచ్చిన్రు. నేను ఆ బొగ్గును గెలుపు జెండా లెక్క పట్టుకపోయి అక్కకు చూపెట్టిన. ఆమె వాసన చూసింది.

"గింత మంట ఎవలు పెట్టుమన్నరు సారు?"

నిజమే. నా హీటర్‌కు గాలి గుంజే పంపు లేదు, సన్నమంట లేదు, ఓపిక అసలే లేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఓడిపోయిన మొఖంతోని అమ్మకు ఈ ముచ్చట చెప్పిన. ఆమె బియ్యం ఏరుతున్నది. తల ఎత్తకుండనే, "అరిసెల పాకంతోని మిల్లు నడుపుమని నీకు నేను చెప్పిన్నా," అన్నది. ఇంట్లో కూడా నాకు సాక్షి మిగల్లేదు.

బేస్తవారం వచ్చింది. పొద్దున్నే డ్రయ్యర్ నింపినం. బిస్కెట్ కంపెనీ సారు తొమ్మిదింటికి దిగిండు. సన్నటి మనిషి, చేతిలో చిన్న పెట్టె. ప్రతిదాన్ని వాసన చూసే అలవాటు. గమ్మును వాసన చూసిండంటే అది ఉద్యోగం. కుర్చీని కూడా వాసన చూసి కూసున్నడు. చాయ్ ఇస్తే తాగేముందు మూడుసార్లు చూసిండు. మా చాయ్ ఆయనకు నచ్చలేదని ముక్కు చెప్పింది. పాత ఇనుము వ్యాపారి పదింటికి వచ్చిండు. టేపు తీసి, నడుస్తున్న డ్రయ్యర్ పొడుగు కొలుసుడు మొదలువెట్టిండు. బతికున్న మనిషికి పాడె కొలతలు తీసినట్టు ఉండె.

అక్క చీర కొంగు నడుముకు బిగించి, ఆవిరి వాల్వు మీద ఒక చెయ్యి, డ్రయ్యర్ కాలు మీద ఒక చెయ్యి పెట్టి నిలబడ్డది. అద్దంలోకి చాలా తక్కువ చూసింది. ఎక్కువగ విన్నది. రెక్కల చప్పుడు ఆమె అరచేతికి వస్తున్నట్టుండె.

పన్నెండు దాటినంక గమ్ము బిగిసింది. మోటారు మూలుగుడు పెట్టింది. మీటరు ముల్లు ఎర్రగీత దిక్కు పోయింది. మీటరు మీద ఆ గీత ఉన్నదని నాకు తెలుసు గాని, ముల్లు అక్కడ్దాక పోతదని మాత్రం తెల్వదు. షెడ్డు రేకులు దడదడలాడినయి. గజ్వేల్ మార్కెట్‌లో టమాటాలు దొర్లినయని తర్వాత ఎవరో అన్నరు. ఎవరో అంటే నేనే. అద్దంలో చూస్తే గమ్ము మట్టిముద్దల్లాగ రెక్కలకు అతుక్కొని, తిరుగుతలేదు, గుంజబడుతున్నది. నా కాళ్లు నన్ను అడగకుండనే స్విచ్చు దిక్కు పోయినయి.

"సారు," అన్నది అక్క, తల తిప్పకుండ. నేను స్విచ్చుకు వీపు పెట్టి ఆగిన.

ఆమె ఆవిరి వాల్వును సగానికి తగ్గించింది. నేనైతే పెంచుతుంటిని. బిగిసినప్పుడు మంట పెంచేది నా బుద్ధి, తగ్గించి ఓర్చుకునేది ఆమె చెయ్యి.

అప్పుడే పటేలు లోపలికి వచ్చిండు. మోటారు చప్పుడు ఆఫీసు దాక పోయింది. "ఆపుండ్రి. మోటారు కాలుతది. ఆపు," అనుకుంట నేరుగ ఎర్ర బటన్ కాడికి వచ్చిండు. బటన్ నా వెనుక ఉన్నది. ఆయన చెయ్యి సాపితే నా భుజం మీది నుంచి అందుతది. పక్కకు జరిగితే అయిపోయేది. అక్క సాయంత్రానికి ఇంటికి పోయేది, డ్రయ్యర్ లారీ ఎక్కేది, నా నాలుగు పేజీలు బీరువాలో సుఖంగ పండేవి. నేను జరగలేదు. ఇందులో ధైర్యమేం లేదు, స్విచ్చు దిక్కు పోయిన కాళ్లు అక్కడ్నే పాతుకపోయినయి. కాని నోరు కదిలింది.

"పటేలా, ఆగుండ్రి."

"ఎందుకాగాలె?"

"మొన్న గూడ గిక్కడ్నే ఆపినం. ఆపించింది నేను. అక్క ఇంకా తిప్పుదమన్నది, నేను ఇనలే. కాయితంల నేను రాసింది అబద్ధం."

కంపెనీ సారు చాయ్ గ్లాసు కింద పెట్టిండు. ఇనుము వ్యాపారి టేపు దానంతట అదే సర్రుమని డబ్బాలోకి పోయింది.

"గీ మాట ఇయ్యాల చెప్తున్నవా? బయటి సారు ముంగట?"

"రేపటికి ధైర్యం ఉండది పటేలా."

పటేలు నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. అటెన్క అక్కను చూసిండు. ఆమె వాల్వు మీది నుంచి చెయ్యి తీయలేదు.

"ఎంతసేపు గావాలె నీకు?"

"ఇరవై నిమిషాలు," అన్నది అక్క.

"పది."

"పదైదు పటేలా. తక్కువైతె మళ్ల డ్రమ్ములు ఉబ్బుతయి."

ఆయన గడియారం చూసుకున్నడు. "పదైదు," అన్నడు. కూరగాయల బేరం ఇంతకంటే ఎక్కువసేపు అయితది.

ఆ పదిహేను నిమిషాలు ఎంత పొడుగుండెనో చెప్పమంటే, నాకు ఆ షెడ్డులోనే గడ్డం పెరిగింది, జుట్టు నెరిసింది, రెండు వానకాలాలు పోయినయి. అక్క ఒక్కసారి మాత్రం మాట్లాడింది. "గమ్ము నీళ్లను ఇడుస్తలేదు. నీళ్లు గమ్మును ఇడుస్తలేవు. గందుకే బిగిసింది. తగాదా గిప్పుడే గట్టిగుంటది." పుస్తకంలో అదే సంగతి మూడు పేజీలు ఉంటది. కొంచెం నీళ్లు మిగిలినప్పుడే ఆ జిగట అన్నిటికంటే గట్టిగ అల్లుకుంటది, ఆ కాస్త నీళ్లు కూడా పోతే నూనె పెత్తనం వస్తది, మొత్తం జారుతది. నేను ఆ మూడు పేజీలు చదివి పరీక్ష రాసి పాసైన. గుర్తు రాలేదు, అంతే.

పదకొండో నిమిషంలో చప్పుడు మారింది. గుట్ట ఎక్కుకుంట మూలిగే ఆటో కొసకు చేరి, దిగుడు మొదలువెట్టినట్టు. మీటరు ముల్లు ఎర్రగీతను ఇడిసిపెట్టి మెల్లగ వెనక్కి వచ్చింది. నేను అద్దం కాడికి ఉరికిన. రెక్కలకు అతుక్కున్న ముద్దలు కరిగినట్టు మెరుసుకుంట జారుతున్నయి. మట్టి పోయి తేనె అయింది.

"గిప్పుడు ఆపుండ్రి సారు," అన్నది అక్క.

స్విచ్చు నేను ఆపిన. ఆ హక్కు నాకు మళ్ల ఇచ్చింది.

చల్లారినంక కంపెనీ సారు ఒక గరిటెడు తీసుకొని ఎత్తు మీది నుంచి వదిలిండు. తీగ తెగకుండ దిగింది. ఎండకు పెట్టి చూసిండు. వాసన చూసిండు, ఒక్కసారే చూసిండు. తర్వాత తన పెట్టె తెరిసి, దాంట్లో ఉన్న చిన్న మిషన్ మీద ఒక చుక్క పెట్టిండు. తడి చూసే మిషన్, సగం దినం పట్టదు. అంకె వచ్చింది. ఆయన పటేలుకు చూపెట్టిండు. ఒకటి కంటే తక్కువ.

"ఎవరు నడిపిన్రు ఇది?" అని అడిగిండు.

పటేలు చెయ్యి అలవాటుగ నా దిక్కు లేసింది. "అక్క," అన్న నేను, ఆ చెయ్యి పూర్తిగ లేవకముందే.

"అమ్మా, ప్రతి బ్యాచి ఇట్లనే వస్తదా?"

"నేను నడిపితె వస్తది," అన్నది అక్క.

కంపెనీ సారు పటేలును చూసిండు. పటేలు పైకప్పును చూసిండు. కొంచెంసేపు రేకులు లెక్కపెట్టి, "ఇగ ఏం జేస్తం," అన్నడు, "రేపటి సంది రా."

"రేపు శుక్రారం, నాకు సెలవు పటేలా. శనివారం వస్త."

ఇనుము వ్యాపారి ఉత్త చేతులతోని పోవుడు ఇష్టం లేక ల్యాబ్‌లోకి తొంగి చూసిండు. గుడ్డ కప్పి ఉన్న ఓవెన్ కనబడ్డది. "గిది ఇస్తరా," అన్నడు. ఇయ్యనన్న. ఆ మొత్తం మిల్లులో మొదటి రోజే నిజం చెప్పింది అదొక్కటే. గుడ్డ తీసి, తుడిసి, మళ్ల కరెంటు పెట్టిన.

శనివారం పొద్దున అక్క డ్రయ్యర్ కాడికి పోకముందే ల్యాబ్‌కు వచ్చింది. స్టూలు మీద కూసున్నది.

"గా కాయితం ముచ్చట, సారు."

నేను అప్పటికే రాసి పెట్టిన. తెలుగులో రాసిన. అది ఆమె చేతికిచ్చిన. "మొదటి బ్యాచి తడి ఉండగనే ఆపించింది నేను. ఓవెన్ లెక్క సరిగనే ఉండె, దాచింది నేను. ఆపరేటర్ తప్పు లేదు." కింద నా సంతకం. గ్రాఫు లేదు.

ఆమె మెల్లగ చదివింది. మళ్ల మొదటి నుంచి చదివింది. కాయితం తిప్పి వెనుక చూసింది.

"గింతేనా?"

"గింతే."

"మొన్నటిది నాలుగు పేజీలు ఉండె."

"ఉండె," అన్న.

"పెన్ను ఇయ్యుండ్రి."

"నీ సంతకం అక్కర లేదక్కా. ఇది నా ఒక్కనిదే."

ఆమె నా జేబులోని పెన్ను తనే తీసుకున్నది. కాయితం టేబుల్ మీద పెట్టి, నా సంతకం పక్కన తన పేరు నిదానంగ, ఒక్కో అక్షరం పూర్తిగ రాసింది.

"గీసారి సదివి పెట్టిన," అని, పెన్ను మూత పెట్టి ఇచ్చి, డ్రయ్యర్ కాడికి పోయింది.